మాటకింత, నొక్కుకింత

మొన్న క్యాంటీన్లో టీ తాగుతుంటే మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు అడిగాడు. "అన్నా, మీరు అప్పట్లో తెలుగులో బ్లాగు రాసేవారంట కదా, నెలకెంత వచ్చేది?" అని. ఏమీ రాలేదన్నాను. వాడు నమ్మలేదు. "ఏమీ రాకపోవడమేంటన్నా, యాడ్‌సెన్స్ పెట్టలేదా?" పెట్టడానికి తెలుగుకి అప్పట్లో యాడ్‌సెన్స్ లేదురా నాయనా అన్నాను. "మరి ఎందుకు రాసినట్టు?" అన్నాడు. వెటకారమేమీ కాదు, పాపం నిజంగానే అర్థం కాక అడిగాడు.

నేను 1994 నుంచీ మొదలుపెట్టాను. హాట్‌వైర్డ్ దాకా వచ్చేసరికి వాడికి స్టాండప్ మీటింగు టైమైపోయింది, లేచి వెళ్ళిపోయాడు. మిగతాది లోపల ఉండిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

ఈ కథ మొదలయ్యేది మనవాళ్ళందరికీ ఇష్టమైన గ్రీన్ కార్డుతోనే. 1994 ఏప్రిల్ 12న అరిజోనాలో ఉండే కాంటర్, సీగెల్ అనే లాయర్ దంపతులు యూజ్‌నెట్‌లో వేలకొద్దీ గ్రూపుల్లో ఒకే ప్రకటన పడేశారు. గ్రీన్ కార్డు లాటరీ వస్తోంది, మా దగ్గరికి రండి, ఫీజు కడితే దరఖాస్తు పెట్టిస్తాం అని. (ఆ లాటరీలో ఇండియావాళ్ళకి ప్రవేశం లేదు, అది వేరే ఏడుపు.) జనం మండిపడ్డారు. తిట్టుత్తరాలు ఎన్నొచ్చాయంటే వాళ్ళ ఇంటర్నెట్ ప్రొవైడర్ సర్వరు మళ్ళీ మళ్ళీ పడిపోయింది. ఎందుకంత కోపమంటే అప్పటిదాకా ఇంటర్నెట్ అంటే యూనివర్సిటీల సొత్తు. దాని వెన్నెముక ఎన్ఎస్ఎఫ్‌నెట్, అమెరికా ప్రభుత్వం సొమ్ముతో నడిచేది. అందులో వ్యాపారం చెయ్యకూడదని రూలు ఉండేది. 1995 ఏప్రిల్లో దాన్ని మూసేసి ప్రైవేటు కంపెనీలకు వదిలేశాక ఆ రూలు కూడా పోయింది. ఆ లాయర్లు మాత్రం సారీ చెప్పలేదు సరికదా, దానివల్ల లక్ష డాలర్ల వ్యాపారం వచ్చిందని చెప్పుకున్నారు, ఇంటర్నెట్లో డబ్బు చేసుకోవడమెలాగో పుస్తకం కూడా రాశారు. "ఆన్‌లైన్లో సంపాదించడం ఎలా" అని చెప్పి సంపాదించడం అనే వృత్తికి మూలపురుషులు, అంటే మూలదంపతులు, వాళ్ళేనని నా నమ్మకం.

అదే ఏడాది అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రిక పేజీ పైన పొడుగాటి పట్టీల్లాంటి ప్రకటనలు పెట్టి అమ్మింది. అందులో ఏటీ అండ్ టీ కంపెనీ పట్టీ ఇప్పటికీ అందరూ చెప్పుకునేది. ఇక్కడ ఎప్పుడైనా మౌసుతో నొక్కారా, నొక్కుతారు చూడండి అన్న అర్థంలో రంగురంగుల అక్షరాలు. మూడు నెలలకి 30,000 డాలర్లు. చూసినవాళ్ళలో నూటికి 44 మంది నొక్కారని చెబుతారు. కొత్తొక వింత కదా, అది నొక్కితే ఏమవుతుందో చూద్దామని నొక్కినవాళ్ళే ఎక్కువ.

గమనించాల్సింది ఏంటంటే, అది మన పంజాగుట్ట సెంటర్లో హోర్డింగు అద్దెకిచ్చినట్టే. ఇంత జాగా, ఇన్ని నెలలు, ఇంత డబ్బు. పేజీలో ఏం రాసుందో, చదివేవాడు ఎవడో దానికి అక్కర్లేదు. 1996లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్ళు యాహూతో బేరమాడి, చూసినందుకు కాదు నొక్కితేనే డబ్బులిస్తామన్నారు. అదే ఏడాది అమెజాన్ వాళ్ళు, మా పుస్తకానికి లింకిచ్చి అమ్మిపెడితే కమిషన్ ఇస్తామన్నారు. 1999లో ఆల్‌అడ్వాంటేజ్ అనే కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, మా ప్రకటనల పట్టీని తెర మీద ఉంచుకుని బ్రౌజ్ చేస్తే మీకే గంటకి అర డాలరిస్తాం అంది. వెంటనే మౌసును దానంతటదే కదిలించే ప్రోగ్రాములు పుట్టుకొచ్చాయి. మనుషులు పడుకుంటే మౌసులు సంపాదించాయి. 2001 మొదట్లో కంపెనీ దుకాణం కట్టేసింది.

ఇవన్నీ పిల్ల కథలు. అసలు మలుపు 1998లో వచ్చింది. తెచ్చినవాడు బిల్ గ్రాస్. మనలో చాలామంది గూగుల్ కనిపెట్టిందనుకునేది నిజానికి ఈయన కనిపెట్టాడు.

అప్పటి సెర్చి ఇంజన్లు చెత్తతో నిండిపోయి ఉండేవి. ఏం వెతికినా ఏవేవో పనికిమాలిన సైట్లు పైకొచ్చేవి. గ్రాస్ ఆలోచన చాలా సింపుల్. పైన కనపడాలంటే డబ్బు కట్టాలి అని పెడితే సంబంధం లేనివాడు ఊరికే డబ్బు తగలెయ్యడు కదా, చెత్త దానంతటదే పోతుంది. అందుకని గోటూ డాట్ కామ్ అని పెట్టి, అందులో మాటలకి వేలంపాట పెట్టాడు. ఎవరైనా "కారు ఇన్సూరెన్స్" అని వెతికితే, ఆ మాటకి ఎక్కువ పాడినవాడు మొదట, తర్వాతివాడు రెండోది. ఎవరెంత పాడారో పక్కనే అందరికీ కనిపించేది. నొక్కితేనే డబ్బు.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. అప్పటిదాకా ప్రకటన అంటే జాగా అమ్మడం. పేపర్లో కాలమ్ సెంటీమీటరుకింత, టీవీలో పది సెకన్లకింత. గ్రాస్ అమ్మింది జాగాని కాదు, మాటని. ప్రపంచంలో ప్రతి మాటకీ రేటు పెట్టే మార్కెట్టు మొదటిసారి వచ్చింది. ఇన్సూరెన్స్ అన్న మాటకి డాలర్లు, కవిత్వం అన్న మాటకి సున్నా. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, పాడేవాడు లేడంతే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తెలుగు దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

తమాషా ఏంటంటే అదే 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ సెర్చి ఇంజను గురించి రాసిన పేపర్లో, ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చి ఇంజన్లు ప్రకటనకర్తల వైపే మొగ్గుతాయని, చదివేవాడి అవసరం వెనక్కి పోతుందని స్పష్టంగా రాసుకున్నారు. రెండేళ్ళు తిరగ్గానే, 2000 అక్టోబరులో, 350 మంది ప్రకటనకర్తలతో యాడ్‌వర్డ్స్ మొదలైంది. మొదట్లో అదీ పాత పద్ధతే, వెయ్యిసార్లు కనిపిస్తే ఇంత. 2002 ఫిబ్రవరిలో మాత్రం గ్రాస్ వేలంపాటని తీసుకుని దానికొక మెలిక పెట్టారు. ఆ మెలికే బంగారు గుడ్లు పెట్టే బాతు.

మనం ఇంజనీర్లం కాబట్టి లెక్క చూద్దాం. అమీర్‌పేటలో రెండు కోచింగు సెంటర్లు ఉన్నాయనుకోండి. "జావా ట్రైనింగ్" అన్న మాటకి మొదటివాడు నొక్కుకి 20 రూపాయలు పాడాడు, రెండోవాడు 12. గ్రాస్ పద్ధతిలో మొదటివాడే పైన. గూగుల్ ఇంకోటి అడిగింది, ఎవరి ప్రకటనని జనం ఎక్కువ నొక్కుతున్నారు? మొదటివాడిది నూటికి ఒక్కరు, రెండోవాడిది నూటికి ముగ్గురు. అంటే వెయ్యిసార్లు చూపిస్తే మొదటివాడి దగ్గర వచ్చేది 200, రెండోవాడి దగ్గర 360. కాబట్టి రెండోవాడు పైన. అంతే కాదు, వాడు 12 కట్టక్కర్లేదు. కిందివాణ్ణి దాటడానికి ఎంత కావాలో అంతే, సుమారు 6 రూపాయల 67 పైసలు. అబద్ధాల ప్రకటన పెట్టి ఎక్కువ పాడినవాడికంటే జనానికి కావలసింది చూపించినవాడికి తక్కువకే జాగా. చదివేవాడికి మంచిది, ప్రకటనకర్తకి మంచిది, గూగుల్‌కి అన్నిటికంటే మంచిది. ఈ లెక్క రాసినవాడు ఎరిక్ వీచ్ అనే ఇంజనీరు. అప్రైజల్లో ఆయనకి ఏం రేటింగు ఇచ్చారో గానీ, కంప్యూటర్ సైన్సులో ఇంత డబ్బు సంపాదించిన కొద్దిపాటి కోడ్ ఇంకోటి నాకు తెలీదు.

గ్రాస్ కంపెనీ ఓవర్చర్ అని పేరు మార్చుకుని, వేలంపాట మాది అని పేటెంటు తెచ్చుకుని 2002లో గూగుల్ మీద కేసు వేసింది. 2003లో ఓవర్చర్‌ని యాహూ 163 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. 2004 ఆగస్టులో, షేర్లు బజారుకి రావడానికి ముందు, గూగుల్ 27 లక్షల షేర్లు యాహూకిచ్చి రాజీ చేసుకుంది.

ఇంతవరకూ డబ్బంతా సెర్చి ఇంజన్లకే. మనలాంటి పేజీలు రాసేవాళ్ళకి చిల్లిగవ్వ లేదు. అది మారింది 2003లో. జీమెయిల్ రాస్తున్న పాల్ బుకైట్ అనే ఇంజనీరు, ఉత్తరంలో ఏముందో చదివి దానికి తగ్గ ప్రకటన పక్కన చూపించే ప్రోగ్రామొకటి గబగబా రాసి చూపించాడు. అంతకుముందు బూతు పేజీల్ని ఏరెయ్యడానికి తను రాసుకున్న కోడునే దీనికి వాడుకున్నాడట. ఉత్తరం చదవగలిగితే వెబ్ పేజీ చదవలేదా? అదే ఏడాది ఏప్రిల్లో అప్లైడ్ సెమాంటిక్స్ అనే కంపెనీని కొన్నారు, మాటల అర్థాల్ని బట్టి పేజీ దేని గురించో చెప్పే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. జూన్‌లో యాడ్‌సెన్స్ తలుపులు అందరికీ తెరిచారు. నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ మీ పేజీలో అతికించండి, మిగతాది మేం చూసుకుంటాం.

యంత్రం వచ్చి మీ పేజీ చదువుతుంది. దేని గురించో తెలుసుకుంటుంది. ఆ మాటకి వేలంపాట పెడుతుంది. గెలిచినవాడి ప్రకటన తెస్తుంది. ఎవరో నొక్కుతారు. వాటా మీకు. ఆ వాటా ఎంతో ఏడేళ్ళపాటు చెప్పలేదు. 2010 మేలో గానీ నూటికి 68 అని బయటపెట్టలేదు.

తర్వాత ఐదారేళ్ళు సంబరమే సంబరం. ఒక అమెరికన్ 2005లో తనకి ఒక్క నెలకి వచ్చిన లక్షా ముప్ఫై రెండు వేల డాలర్ల చెక్కు చేత్తో పట్టుకుని ఫోటో దిగి పెట్టాడు. ఆ ఫోటో ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని రాజీనామాలకి కారణమైందో! జేసన్ కలకానిస్ తన బ్లాగుల కంపెనీని 2005లో ఏఓఎల్‌కి అమ్మేశాడు. మన దగ్గర అమిత్ అగర్వాల్ హైదరాబాదులో ఏడీపీలో చేస్తున్న ఉద్యోగం వదిలేసి 2004లో ఆగ్రా వెళ్ళిపోయి ఇంగ్లీషులో టెక్నాలజీ మీద రాయడం మొదలుపెట్టారు. ఇండియాలో బ్లాగునే వృత్తిగా పెట్టుకున్న మొదటివాడిగా ఆయన్నే చెప్పుకుంటారు. ఆయన పని నిఖార్సైనది, పనికొచ్చే మాటలు రాశారు. అందరూ అలా కాదు.

మీసోథీలియోమా అన్న మాట మీలో ఎంతమంది విన్నారు? ఆస్‌బెస్టాస్ ధూళి పీల్చేవాళ్ళకి వచ్చే కాన్సరు. అమెరికాలో ఆ రోగం వచ్చినవాడు ఆస్‌బెస్టాస్ కంపెనీల మీద దావా వేస్తే లక్షల డాలర్ల పరిహారం వస్తుంది, అందులో లాయరుకి వాటా. కాబట్టి ఒక్క రోగి దొరకడం కోసం లాయర్లు ఆ మాటకి నొక్కుకి పదుల డాలర్లు పాడేవారు. ఇది తెలిసి ప్రపంచమంతా ఆ రోగం మీద పేజీలు వెలిశాయి. దాని స్పెల్లింగు కూడా సరిగ్గా రానివాళ్ళు లక్షణాలు, చికిత్సలు రాసేశారు. చచ్చిపోబోయే మనిషి భయంతో వెతికితే పైన వచ్చేవి ఇవి. రేటు ముందు వచ్చింది, రాత దాని వెనకాల వచ్చింది. డిమాండ్ మీడియా అనే కంపెనీ దీన్ని ఏకంగా ఫ్యాక్టరీ చేసింది. జనం ఏం వెతుకుతున్నారు, ఆ మాటకి రేటెంత, పోటీ ఎంత అని ప్రోగ్రాము లెక్కేసి శీర్షిక ఇస్తుంది, ఎవరో ఒకరు కొద్ది డాలర్లకి కూర్చుని అది రాసిస్తారు. 2011 జనవరిలో ఆ కంపెనీ షేరు మార్కెట్టుకి వచ్చింది. ఫిబ్రవరిలో గూగుల్ పాండా అనే మార్పు తెచ్చి ఇలాంటి పేజీల్ని కిందికి తొక్కింది. గుంట తవ్వినవాళ్ళే పూడ్చారన్నమాట, కాకపోతే పూడ్చే లోపల చాలామంది పడ్డారు.

రెండో రోగం దొంగ నొక్కుళ్ళు. 2004 మేలో టైమ్స్ ఆఫ్ ఇండియా ఒక కథనం వేసింది, మన దేశంలో గృహిణులు, చదువుకున్న కుర్రాళ్ళు ఇంట్లో కూర్చుని ప్రకటనలు నొక్కుతూ డబ్బు సంపాదిస్తున్నారని. అదే ఏడాది చివర్లో గూగుల్ ఆర్థిక వ్యవహారాల పెద్ద జార్జ్ రేయెస్, తమ వ్యాపారానికి ఇదే అన్నిటికంటే పెద్ద ప్రమాదం అని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ప్రకటనకర్తలు వేసిన దావాని 2006లో 9 కోట్ల డాలర్లదాకా ఇస్తామని రాజీ చేసుకున్నారు. అమీర్‌పేట కరెంటు స్తంభాల మీద "ఇంట్లో కూర్చుని నెలకు 15 వేలు" కాగితాలు మీరు చూసే ఉంటారు. వెళితే మొదట మన దగ్గరే రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకుంటారు. అరిజోనా లాయర్ల వారసులు.

సరే, తెలుగుకి వద్దాం.

తెలుగు అక్షరాలకి యూనికోడ్‌లో చోటు 1991లోనే, మొదటి వెర్షన్లోనే వచ్చింది. కానీ మన కంప్యూటర్లలో కనపడటానికి చాలా ఏళ్ళు పట్టింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది గానీ, సీడీ వెతికి పెట్టి, రీజనల్ సెట్టింగుల్లోకి వెళ్ళి టిక్కు పెడితే తప్ప అక్షరాలు డబ్బాల్లా కనపడేవి. తెలుగు దినపత్రికలు ఒక్కోదానికి ఒక్కో సొంత ఫాంటు. ఈనాడు వెబ్‌సైటు అప్పట్లో కంటికి శుభ్రంగా తెలుగులా కనపడేది, లోపల చూస్తే గజిబిజి లాటిన్ అక్షరాలు ఉండేవి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకుని చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు వాడేవాళ్ళం. మనుషులం కాబట్టి మనం ఏదో ఒకటి చేసి చదువుకున్నాం. యంత్రం మాత్రం రోజుకి లక్షలమంది చూసే తెలుగు పేపరు ముందు నిరక్షరాస్యుడిలా నిలబడేది. ఇందాక చెప్పాను కదా, అది చదవగలిగితేనే వేలంపాట.

2006 ప్రాంతంలో లేఖిని వచ్చింది, కూడలి వచ్చింది, జల్లెడ, తేనెగూడు, తర్వాత హారం. యూనికోడ్‌లో వందలమంది రాయడం మొదలుపెట్టారు. యంత్రానికి ఇప్పుడు అక్షరాలు అందాయి. అయినా యాడ్‌సెన్స్ భాషల జాబితాలో తెలుగు లేదు. జాబితాలో లేని భాష పేజీలో కోడ్ పెట్టడం రూలుకి విరుద్ధం. కోపం తెచ్చుకోవడం తేలికే గానీ, వేలంపాట వైపు నుంచి చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. తెలుగు మాటని ఎవరు పాడతారు? చీరల షాపు, చిట్‌ఫండు, రియల్ ఎస్టేటు, కాలేజీలు అన్నీ తమ డబ్బుని పేపర్లోనూ టీవీలోనూ పెడుతున్నాయి. నెట్లో తెలుగు చదివేదెవరు? హైదరాబాదు, బెంగుళూరుల్లోనూ డల్లాస్, న్యూజెర్సీల్లోనూ ఉన్న మనబోటి సాఫ్ట్‌వేరువాళ్ళు. మనకి ఫోన్ కార్డో, పెళ్ళిసంబంధాల సైటో అమ్మాలంటే ఇంగ్లీషులోనే అమ్మొచ్చు. అందుకే తెలుగు సినిమాల మీద 1999లో జీవి మొదలుపెట్టిన ఐడిల్‌బ్రెయిన్ కూడా ఇంగ్లీషులోనే నడిచింది. తెలుగువాడికి తెలుగు సినిమా గురించి ఇంగ్లీషులో చెబితేనే ప్రకటన వస్తుంది.

ఇక నా భాగోతం. 2006 చివర్లో రెండు మొదలుపెట్టాను. ఒకటి ఇంగ్లీషులో, ప్రాజెక్టులో వచ్చే ఎర్రర్లు, వాటికి విరుగుళ్ళు. టామ్‌క్యాట్ లేవకపోతే ఏం చెయ్యాలి, ఒరాకిల్ ఫలానా నంబరు చూపిస్తే ఏం చూడాలి, ఇలాంటివి. రెండోది తెలుగులో, నోటికొచ్చింది. ఇంగ్లీషుదాంట్లో ప్రకటనల కోడ్ పెట్టాను. ఆశ చావక తెలుగుదాంట్లో కూడా అదే కోడ్ అతికించాను. రూలు తెలుసు, తప్పు నాదే.

ఆ వారమే తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఇల్లు అమ్మేసిన సంగతి రాశాను. వసారా, బావి, వేసవి సెలవులు, చివరిరోజు తాళం చెవి కొత్తవాళ్ళ చేతిలో పెట్టడం. నేను రాసినవాటిలో కాస్త నిలబడేది అదొక్కటే. యంత్రానికి తెలుగు రాదు కాబట్టి పేజీ పక్కన ఎక్కడో ఇంగ్లీషులో ఉన్న హైదరాబాద్ అన్న మాట పట్టుకుంది. పట్టుకుని కింద ప్రకటన చూపించింది, శివార్లలో ప్లాట్లు అమ్మబడును అని. రెండు రోజుల తర్వాత మా మావయ్య ఫోన్ చేశాడు. "ఏరా, ఇల్లు అమ్మిన సంగతి రాసి, ఆ కిందే స్థలాలు అమ్ముతున్నావా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడో కోపంగా అన్నాడో ఇప్పటికీ తెలీదు. ఆ రాత్రే తీసేశాను.

ఇంగ్లీషు పేజీ మీద వంద డాలర్లు దాటడానికి పద్నాలుగు నెలలు పట్టింది. 2008 మొదట్లో చెక్కు వచ్చింది, నాలుగు వేల పైచిలుకు రూపాయలు. బ్యాంకులో క్లర్కు అటూ ఇటూ తిప్పి "ఏం పనికండీ ఇది?" అని అడిగాడు. మా అమ్మ దానికి జెరాక్సు తీయించి దేవుడి గదిలో పెట్టింది. అప్పటికి ఇంగ్లీషులో రాసినవి పదకొండు, తెలుగులో అరవై పైన.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను. ఆ చెక్కు వచ్చాక నా రాత మారింది. ఏదైనా రాయాలనిపిస్తే ముందు ఆ మాటకి రేటెంతో కీవర్డ్ టూల్లో చూసుకోవడం అలవాటైంది. హోమ్ లోన్ గురించి రాశాను, అప్పటికి నేను లోను తీసుకోనేలేదు. క్రెడిట్ కార్డుల మీద రాశాను. తెలుగులో నెలకి ఐదారు రాసేవాణ్ణి ఒకటికి దిగాను, తర్వాత అదీ లేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. రేటున్న మాట ఒకవైపు, రేటు లేని మాట ఒకవైపు ఉంటే వేళ్ళు అటే పోయాయి.

అలాగని డబ్బు లేకుండా రాసిన ఆ కాలాన్ని స్వర్ణయుగం అనను. అప్పుడు అలాంటి మాటలు తెగ అనుకున్నాం, తెలుగు తల్లికి సేవ అదీ ఇదీ అని. నెల తిరిగేసరికి జీతం ఖాతాలో పడుతుంటే త్యాగం కబుర్లు చెప్పడానికేం? ఆఫీసు కంప్యూటరు, ఆఫీసు నెట్టు, బెంచి మీద ఖాళీ. నాకంటే వందరెట్లు బాగా రాయగల తెలుగు మాస్టార్లు జిల్లాల్లో ఎంతమంది ఉండేవారో! వాళ్ళకి కంప్యూటరు కొనుక్కునే దారి లేదు, రాస్తే వచ్చేదీ లేదు. తెలుగు మాటకి రేటు లేకపోవడంవల్ల నెట్లో తెలుగు రాసే హక్కు చాలావరకు జీతగాళ్ళకే మిగిలింది. అందుకే ఆన్‌సైటు కష్టాలు, సినిమా తిట్లు, బాల్య జ్ఞాపకాలు అన్ని వచ్చాయి, వరిపంట గురించి రాసినవాడు మాత్రం కనపడలేదు.

2014 చివర్లో యాడ్‌సెన్స్ హిందీ నేర్చుకుంది. 2017లో బెంగాలీ. ఆ ఏడాదే గూగుల్, కేపీఎంజీ కలిసి ఒక నివేదిక ఇచ్చాయి, 2016 నాటికి నెట్లో భారతీయ భాషల వాళ్ళు 23 కోట్ల 40 లక్షలు, ఇంగ్లీషువాళ్ళు 17 కోట్ల 50 లక్షలు అని. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైపోయింది కదా, ఇక పాడేవాళ్ళు వస్తారని లెక్క తేలింది. 2018 ఫిబ్రవరిలో తమిళం, ఏప్రిల్లో హైదరాబాదులో సభ పెట్టి తెలుగు. యాడ్‌సెన్స్ మొదలై పదిహేనేళ్ళు. వార్త చదివి పండగ చేసుకుందామనుకున్నాను. చూస్తే కూడా రాసినవాళ్ళలో ముప్పాతికమంది ఫేస్‌బుక్‌లోనో పిల్లల చదువుల్లోనో మునిగి ఉన్నారు. చదివేవాళ్ళు యూట్యూబులో ఉన్నారు.

రేటయితే వచ్చింది. కానీ ఎంత? తెలుగు మాటకి పాడేవాళ్ళు తక్కువ, పాడేదీ తక్కువ. నొక్కుకి పైసల్లో, మహా అయితే రూపాయల్లో. ఆ రేటుకి ఒక మనిషి బతకాలంటే రోజుకి వేలమంది కాదు, లక్షలమంది రావాలి. లక్షలమంది రావాలంటే "ఇది తెలిస్తే మీరు షాకవుతారు" అని పెట్టాలి, వెల్లుల్లితో కాన్సరు మాయం అనాలి, హీరోయిన్ పెళ్ళి వారానికోసారి చెయ్యాలి. రాసే కుర్రాళ్ళని తిట్టి లాభం లేదు. పేజీకి ఐదొందలొచ్చే చోట మనిషి ఒక మంచి పేజీ రాస్తాడు. ఐదు రూపాయలొచ్చే చోట వంద పేజీలు రాస్తాడు. రేటు లేనప్పుడు జీతగాళ్ళు రాశారు, చిల్లర రేటు వచ్చాక హడావిడిగాళ్ళు రాశారు. ఆ తెలుగు మాస్టారికి సరిపడే రేటు ఏ రోజూ రాలేదు.

ఆ తర్వాత లెక్కలూ మారిపోయాయి. 2024 మొదట్లో యాడ్‌సెన్స్ నొక్కుకి ఇవ్వడం మానేసి కనపడితే ఇంత అన్న పద్ధతికి వెళ్ళింది, అంటే 1994 హోర్డింగు దగ్గరికే చుట్టు తిరిగి వచ్చినట్టు. అదే ఏడాది సెర్చిలో, మీ పేజీ చదివి సారాంశం తనే పైన చెప్పేసే ఏఐ జవాబులు మొదలయ్యాయి, ఆగస్టుకి ఇండియాకీ వచ్చాయి. మనకి డబ్బివ్వడానికి చదవడం నేర్చుకున్న యంత్రం, మన దగ్గరికి ఎవర్నీ పంపక్కర్లేకుండా చదవడం నేర్చింది. ఇప్పుడు దానికి తెలుగు కూడా బాగానే వచ్చు. 2025 ఏప్రిల్లో అమెరికా కోర్టు జడ్జి లియొనీ బ్రింకెమా, ప్రకటనల వేలంపాట నడిపే మార్కెట్లలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం చేసిందని తీర్పిచ్చింది. సైటు తరఫున ప్రకటనలు పెట్టే సాఫ్ట్‌వేరూ వాళ్ళదే, పాట పాడించే బజారూ వాళ్ళదే. సంతలో దళారీ, తూకం రాళ్ళూ, సంత పెట్టే స్థలమూ అన్నీ ఒకడివే అయితే రైతుకేం మిగులుతుందో మన ఊళ్ళలో ఎవర్నడిగినా చెబుతారు.

నిన్న ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు. వాళ్ళ నాన్న కరీంనగర్ దగ్గర బోరు మోటార్లు రిపేరు చేస్తాడట, మోటారు కాలిపోకుండా ఏం చూసుకోవాలో ఆయన చెబుతుంటే తను రాసిపెడదామనుకుంటున్నాడట. "తెలుగులోనే రాస్తే ఏమన్నా వస్తదా అన్నా?" అన్నాడు. పెద్దగా ఏం రాదు, రాయమన్నాను. మా అమ్మమ్మగారి ఇంటి టపా కూడా పంపాను. చదివాడో లేదో చెప్పలేదు.

వాడి పుణ్యమా అని చాలా ఏళ్ళకి పాత ఖాతా పాస్‌వర్డు గుర్తు తెచ్చుకుని లోపలికి వెళ్ళి చూశాను. 83 డాలర్ల 40 సెంట్లు ఉన్నాయి. వంద దాటితే గానీ ఇవ్వరు. ఇంకా పదహారు డాలర్ల అరవై సెంట్లు రావాలి. టామ్‌క్యాట్ ఐదో వెర్షన్ ఎర్రర్లు ఇప్పటికీ వెతుక్కునేవాళ్ళు మీకెవరైనా తెలిస్తే ఇటు పంపండి.